లోపలి తలాషీ

ముంబై రైల్లో వినోదకు కింది బెర్త్ దొరకడంతో మొదలైంది అంతా. ఈ దేశంలో కింది బెర్త్‌ను ఎవరూ అడగకముందే వదులుకునే మనిషి కనిపిస్తే కాస్త అనుమానించాలి. వినోద అనుమానించలేదు. ఆమె భర్త రమాకాంత్ అయితే, ఆ బెర్త్ తన మొహం చూసే వచ్చిందని నిద్రపట్టేదాకా మురిసిపోయాడు.

రమాకాంత్‌కు వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కుక్కర్ల కంపెనీ పెట్టిన టార్గెట్ దాటినందుకు దంపతులిద్దరికీ దుబాయి టూరు వచ్చింది. విమానం ముంబై దాకానే, అక్కడినుంచి ఎవరి రైలు వాళ్లు చూసుకోవాలన్న సంగతి కంపెనీవాళ్లు తిరుగు ప్రయాణం ముందురోజు చెప్పారు. వినోద కళ్లకు దుబాయి బాగా తుడిచిపెట్టిన పెద్ద షోరూములా కనిపించింది. ఎడారి చూపిస్తామని జీపెక్కించి, ఇసుక దిబ్బల మీద ఎగరేసి ఎగరేసి దించారు. ఆ ఊపు ఇంకా ఆమె ఒంట్లోంచి పోలేదు. రైలు ఆగినా ఏదో కదులుతూనే ఉన్నట్టు, ఎవరైనా మాట్లాడితే ఆ మాట ఇసుక దాటి వచ్చి చెవిలో పడుతున్నట్టు ఉంది.

ఆమెది పై బెర్త్. కింది బెర్త్‌లో ఉన్న పడుచుపిల్ల కూడా దుబాయి నుంచే వస్తోంది. రమాకాంత్ గొంతు సవరించుకుని అడగబోయేలోపే, మీరు కింద పడుకోండి ఆంటీ అని చెప్పి చకచకా పైకెక్కింది. సికింద్రాబాదులో ఎప్పుడు దిగిపోయిందో ఎవరూ చూడలేదు. వినోద మాత్రం వరంగల్ దాకా ఆ బెర్త్ మీదే ఉంది. దిగడానికి చెప్పులు వెతుక్కుంటుంటే, మామూలు బట్టల్లో ఉన్న నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

వాళ్లు కస్టమ్స్ వాళ్లు. అందరికీ పెద్ద మహిపాల్ అనే సూపరింటెండెంటు. ఆయనకు అందిన కబురు చిన్నది: దుబాయి నుంచి వస్తున్న ఆడమనిషి, ఫలానా బోగీ, ఫలానా బెర్త్, ఒంటి లోపల బంగారం, వరంగల్లో దిగుతుంది. బోగీ సరిపోయింది. బెర్త్ సరిపోయింది. పాస్‌పోర్టులో దుబాయి ముద్ర తడి ఆరినట్టే లేదు. రమాకాంత్ బెర్త్ మార్పిడి కథంతా చెప్పాడు. అది నిజం కాబట్టి చాలా చక్కగా అల్లినట్టు వినిపించింది.

ఆడవాళ్ల వెయిటింగ్ రూముకు తీసుకుపోయారు. తిరుమల అనే లేడీ ఇన్‌స్పెక్టర్ తలుపు గడియ వేసి, తలాషీ తీసేముందు పెద్ద ఆఫీసర్ ముందు గానీ, మేజిస్ట్రేట్ ముందు గానీ తీయమని అడిగే హక్కు వినోదకు ఉందని చెప్పింది. తన పైట మడతలు చూడడానికి మేజిస్ట్రేట్‌ను పిలిపించడం బాగుండదని వినోద వద్దంది. తిరుమల మర్యాదగా వెతికింది. పిన్నీసులు, జండూబామ్ సీసా, విమానంలో కాఫీతో పాటు ఇచ్చిన చక్కెర పొట్లాలు బయటపడ్డాయి. చక్కెర పొట్లాలకు మాత్రం వినోద కొంచెం సిగ్గుపడింది.

ఇక మిగిలింది లోపల.

మహిపాల్ కుర్చీ దగ్గరికి జరుపుకుని విషయం చెప్పాడు. ఒంటి లోపల సరుకు ఉందని అనుమానం వస్తే ఎక్స్‌రే తీయించాలి. ఉందని ఆమే ఒప్పుకుని, బయటికి తీయించుకోవడానికి సిద్ధపడితే కోర్టు దాకా పోయే పనే ఉండదు. లేదంటారా, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆ పైన మేజిస్ట్రేట్ ఏది చెబితే అది. ఏమైనా దొరికి బయటికి తీయాల్సి వస్తే, ఆడవాళ్ల విషయంలో ఆడ డాక్టరే దగ్గరుండాలి. ఆయన ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు కాకుండా, ఇంటి ఆడవాళ్లకు చెబుతున్నట్టే చెప్పాడు.

"ఎక్స్‌రే తియ్యండి సార్, ఇప్పుడే తియ్యండి," అన్నాడు రమాకాంత్. "మా ఆమె కడుపుల ఏముంటది? పొద్దుగాల తిన్న ఇడ్లి ఉంటది. మాకేం ఫికర్ లేదు."

"నేను తియ్యనియ్య," అంది వినోద.

ఆ మాట ఎవరో అన్నట్టు ఆమెకే వినిపించింది. తిరుమల మహిపాల్ వైపు చూసింది. మహిపాల్ నిట్టూర్చి, తన సర్వీసులో ఇలా వద్దన్నవాళ్లు మామూలుగా ఎలాంటివాళ్లో ఆలోచిస్తున్నట్టు వినోదను మళ్లీ ఒకసారి కొత్తగా చూశాడు.

వద్దనడానికి కారణం ఉంది. అది బంగారం మాత్రం కాదు.

రెండో కూతురు పుట్టాక, పురుడు పోసుకోవడానికి పోయిన తల్లిగారి ఊరు నర్సంపేటలోనే, దవాఖానలో నర్సుగా చేసే చిన్నమ్మ పూలమ్మ చేత వినోద కాపర్-టి వేయించుకుంది. డిగ్రీలో జువాలజీ చదివింది కాబట్టి దేనివల్ల ఏమవుతుందో, ఏముంటే ఏది కాదో ఆమెకు తెలుసు. ఇద్దరు చాలనిపించింది. అత్తగారింట్లో ఆడవాళ్లు చాలు అనే మాట అన్నం వడ్డించేటప్పుడే వాడాలి గనక ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండేళ్లు చూసి తీయించుకుందామనుకుంది. ఈలోపు అత్త శకుంతల మనవడి కోసం మొక్కని దేవుడు లేడు. ఒకరోజు వంటింట్లో ఆ మాటలు మితిమీరుతుంటే, రమాకాంత్ గడపలో నిలబడి, లోపం నాదే అయ్యుంటది, దాన్నేమీ అనొద్దు అన్నాడు తల్లితో. అని ఊరుకోలేదు. ములుగు వైపు వెళ్లి ఎవరో వైద్యుడి దగ్గర కషాయం మూలికలు తెచ్చుకున్నాడు.

పొద్దున్నే ఆ కషాయం కాచి ఇచ్చింది వినోదే. అది ఎంత చేదంటే, కాచిన గిన్నెలో తర్వాత పాలు కాచినా చేదు వచ్చేది. ఆయన మాత్రం మొహం చిట్లించకుండా తాగేవాడు. ఇక చెప్పడానికి దారి లేకుండా పోయింది. ఆయన కోప్పడేవాడైతే ఏదో ఒక కోపంలో చెప్పేసేది. కషాయం తాగే మనిషికి ఎలా చెప్పడం? అత్త పోయింది, పూలమ్మ చిన్నమ్మ పోయింది, కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. నెలనెలా వచ్చేదీ ఆగిపోయింది. లోపలున్నదాన్ని వినోద కూడా దాదాపు మరిచిపోయింది. ఇప్పుడు ప్రభుత్వం గుర్తు చేస్తోంది.

మహిపాల్ చెప్పిన రూలు ప్రకారం ఎక్స్‌రే బొమ్మతో సహా రిపోర్టు కోర్టుకు పోతుంది. కోర్టులో చదువుతారు. పక్కన రమాకాంత్ నిలబడి వింటాడు. ఆమె కళ్లముందు కనిపించింది అదొక్కటే.

జీపులో హనుమకొండ కోర్టుకు తీసుకుపోయారు. పిలుపు వచ్చేదాకా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తిరుమల ఒక పక్క, రమాకాంత్ ఒక పక్క. లోపలినుంచి ఎవరివో పేర్లు పిలుస్తున్నారు. ఆ పేర్లు గలవాళ్లు ఎవరూ పలకడం లేదు. ఫ్యాను గాలి కిందికి రాకుండా పైనే తిరిగి పైనే అలసిపోతోంది.

రమాకాంత్ చాలాసేపు బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కొంచెం జరిగి, పెదవులు కదలకుండా అడిగాడు.

"ఎంత?"

"ఏం ఎంత?"

"నాతోని చెప్తే నేను వద్దంటనా? దుబాయిల ఆ బంగారం బజార్ల బాత్‌రూంకని పోయి ఎంతసేపటికీ రాకపోతివి. నేను బయట నిలబడి పర్సు చూసుకుంట ఉన్న. అప్పుడేనా?"

వినోద ఆయన మొహంలోకి చూసింది. ఆయనకు కోపం రాలేదు. నొచ్చుకున్నాడు, అంతే. ఆ నొచ్చుకోవడంలో కూడా, ముప్పై ఏళ్లుగా పోపుల డబ్బాలో చిల్లర తప్ప ఇంకేదీ దాచదనుకున్న భార్య ఇంతపని చేయగలదా అన్న గౌరవం లాంటిదేదో కనిపించింది. వినోదకు నవ్వొచ్చింది. నవ్వితే తిరుమల రాసుకుంటుందేమోనని ఆపుకుని కళ్లు మూసుకుంది.

కళ్లు మూసుకోగానే జీపు మళ్లీ ఇసుక మీద ఎగిరింది. ఎగిరి, దిగింది మాత్రం ఆమె లోపల. అక్కడ ఒక పొడుగాటి ఇల్లుంది. వరంగల్ పాత బజారు ఇళ్లలాగా ముందు దుకాణమంత వెడల్పు, లోపలికి పోయినకొద్దీ గది తర్వాత గది. మహిపాల్, ఆయన మనుషులు గడప దగ్గర బూట్లు విప్పారు. విప్పమని ఎవరు చెప్పారో తెలియదు. తిరుమల టార్చిలైటు పట్టుకుని ముందు నడిచింది. ఒక గదినిండా మామిడికాయ జాడీలు, ఒక్కోదాని మీద ఒక్కో ఎండాకాలం పేరు రాసి ఉంది. ఇంకో గదిలో ఆమె పరీక్ష కోసం గీసిన కప్ప బొమ్మలు గోడలకు అంటించి ఉన్నాయి, కప్పలు మెల్లగా ఊపిరి తీస్తున్నాయి. ఇంకో గదిలో అత్త శకుంతల దీపం పెట్టి కూర్చుని, ఎవరొచ్చారని అడగకుండా, భోజనాలు చేసి పొమ్మంది. చివరన ఒక చిన్న గది. తలుపు సగమే తెరిచి ఉంది. చిలక్కొయ్యకు ఒక చిన్న రాగి పిట్ట వేలాడుతూ, రెక్కలు రెండూ సమంగా చాచి నిద్రపోతోంది.

ఇదేంటని మహిపాల్ అడిగాడు. వెనక నడవలో ఎవరో గ్లాసు పట్టుకుని నిలబడిన చప్పుడు. తాగడం లేదు, పోవడం లేదు. ఆ మనిషి తలుపు దాకా రాకముందే దాన్ని మూసేయాలని వినోద చేయి చాచింది. తలుపు ఇసుకలా జారిపోయింది.

"అక్కా, పిలుస్తాన్నరు," అని తిరుమల భుజం తట్టింది.

మేజిస్ట్రేట్ వినోద పెద్ద కూతురి ఈడు మనిషి. కళ్లజోడు తలమీదికి తోసుకుని మహిపాల్ చెప్పింది మొత్తం విన్నది. తన ముందుకొచ్చిన కారణాలు చాలవనిపిస్తే ఇప్పుడే వదిలేయొచ్చునని, కానీ బెర్త్, ఊరు, దుబాయి అన్నీ కలుస్తున్నాయని అంది. తర్వాత వినోదను, ఎక్స్‌రే ఎందుకు వద్దన్నారని అడిగింది. వినోద పక్కనున్న రమాకాంత్ వైపు చూసి, నేలవైపు చూసి, చెప్తాను గానీ ఇందరి ముందు చెప్పలేనంది.

మేజిస్ట్రేట్ కొంచెం ఆలోచించి, తిరుమల తప్ప అందరినీ బయటికి పొమ్మంది. పోతూ పోతూ రమాకాంత్, ఏదున్నా ఒప్పుకో అన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

తలుపు మూశాక వినోద చెప్పింది. ఎవరికీ చెప్పనిది చెప్పడం మొదలుపెడితే చాలాసేపు పడుతుందనుకుంది. రెండు మాటల్లో అయిపోయింది. ఇన్నేళ్లు మోసిన మూట ఇంత చిన్నదా అనిపించింది ఆమెకు.

"మీ ఆయన కొడతాడా?" అని అడిగింది మేజిస్ట్రేట్.

"లేదు మేడం. కొట్టేటోడైతే ఎన్నడో చెప్పేదాన్ని. కొడుకు పుడ్తలేడు, లోపం నాదే అనుకుని కషాయం తాగిండు. రెండేండ్లు. నేనే కాచి ఇచ్చిన." వినోద ఆగింది. "ఇప్పుడు గిట్ల కోర్టుల వింటే, ఆ చేదు మొత్తం ఇయ్యాలనే తాగినట్టయితది ఆయనకు."

తిరుమల కిటికీ వైపు తిరిగి నిలబడింది. మేజిస్ట్రేట్ కళ్లజోడు కిందికి దించి కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉంది. బయట ఎవరో ఎవరినో కుర్చీ ఖాళీ చేయమంటున్నారు.

"చూడమ్మా," అంది చివరికి. "చట్టం నన్ను నీ లోపల బంగారం ఉందేమో చూడమన్నది. ఇంకేం చూడమనలేదు. బొమ్మల ఏది కనబడ్డా, బంగారం కానిదంతా నీదే. అది డాక్టర్ రాయనక్కర్లేదు, నేను చదవనక్కర్లేదు."

ఆమె ఉత్తర్వు రాయించింది. ఆడ డాక్టరే ఎక్స్‌రే తీయాలి. స్వాధీనం చేసుకోవాల్సిన సరుకు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు రాయాలి. బొమ్మను, రిపోర్టును కవరులో పెట్టి అతికించి నేరుగా తనకే పంపాలి. అధికారులు గానీ, బంధువులు గానీ తెరవకూడదు. చివరి మాట దగ్గర ఒకసారి వినోద వైపు చూసింది.

పెద్ద దవాఖానలో ఎక్స్‌రే గది చీకటిగా, బియ్యం డబ్బా లోపలున్నట్టు చల్లగా ఉంది. డాక్టర్ శారద ముందుగా కడుపుతో గానీ ఉన్నారా అని అడిగింది. రూలు ప్రకారం అడగాలట. ఈ వయసులో ఆ ప్రశ్న అడిగించుకున్నందుకు వినోదకు లోలోపల సంతోషంగానే ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమన్నారు. పెళ్లిచూపుల కోసం స్టూడియోలో ఫొటో తీయించిన రోజు గుర్తొచ్చింది. అప్పుడూ ఊపిరి బిగబట్టమనే అన్నారు. మిషను చిన్నగా మూలిగింది. ఆ మూలుగులో ఒక్క క్షణం ఆమెకు తన ఒళ్లు గాజు సీసాలా అనిపించింది. దేశంలో ఎవరైనా తొంగిచూడవచ్చు, కానీ ఈ గదిలో ఉన్నది ఇద్దరే ఆడవాళ్లు.

తెర మీద బొమ్మ తేలింది. నల్లటి చెరువులో తెల్లటి ఎముకలు. వాటి నడుమ సన్నగా, నిటారుగా, రెండు చేతులూ చాచి నిలబడ్డ చిన్న గీత.

శారద దాన్ని చాలాసేపు చూసింది. ఇది ఎప్పటిదని అడిగింది. చిన్నమ్మాయి పుట్టినప్పటిదని వినోద చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోందంటే, అత్తతో పోట్లాడి వేరు కాపురం పెట్టిందని చెప్పింది. శారద నవ్వు ఆపుకోవడానికి మాస్కు పైకి లాక్కుంది. దీని గడువు ఎన్నడో దాటిపోయిందని, ఊరికే వదిలేయకుండా వచ్చి తీయించుకోవాలని మందలించింది. ఎవరితో రావాలని వినోద అడిగితే, మీతో మీరు వస్తే చాలంది.

అడిగిన ప్రశ్నకే జవాబు రాసి, కవరు అతికించి, దానిమీద సంతకం చేసింది. బయట నిలబడ్డ రమాకాంత్ ఏం కనబడిందని అడిగితే, కోర్టులో తెలుస్తుందండీ అని చెప్పి పోయింది. పోతున్నప్పుడు ఆమె కళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. రమాకాంత్ ఆ నవ్వును చూశాడు.

మేజిస్ట్రేట్ కవరు చించి, రిపోర్టు చదివి, బొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తింది. గదిలో అందరూ ఆ నల్లటి రేకు వెనక వైపు చూస్తున్నారు. వినోద గోడకు ఆనుకుని నిలబడింది. కాళ్ల కింద ఇసుక మళ్లీ మెల్లగా జరగడం మొదలైంది. మేజిస్ట్రేట్ చెయ్యి ఒక్కచోట ఆగింది. ఆగి, బొమ్మను దించి కవరులో పెట్టేసింది.

"సరుకేమీ లేదు. ఆమెను పంపించండి," అంది. బొమ్మ కోర్టు దగ్గరే భద్రంగా ఉంటుందని కూడా చెప్పింది.

అంతే. మహిపాల్ ముందుకొచ్చి, తమ కబురు బెర్త్‌ను బట్టి వచ్చిందని, ఆ పిల్లను వెతుకుతున్నామని, ఏమనుకోవద్దని అన్నాడు. ఇకమీదట టీసీకి చెప్పకుండా బెర్త్‌లు మార్చుకోవద్దని సలహా కూడా ఇచ్చాడు. రమాకాంత్ మామూలుగా అయితే ఇలాంటి చోట గొంతు పెంచి, ఇంటిపేరు, తాత పేరు, దుకాణం ఎప్పుడు పెట్టిందీ అన్నీ చెప్పి గాని కదిలే మనిషి కాదు. ఈసారి మాత్రం మంచిది సార్, మంచిది సార్ అంటూ పెట్టెలు రెండూ తనే ఎత్తుకుని, ఎవరి మనసూ మారకముందే బయటపడదామన్నట్టు గబగబా నడిచాడు.

కోర్టు గేటు బయట చాయ్ కొట్టు దగ్గర ఆగారు. రమాకాంత్ ఆమెకు స్టూలు వేయించి, చాయ్ తనే అందించి, అటూ ఇటూ చూశాడు.

"కోర్టును గూడ బోల్తా కొట్టిచ్చినవు," అన్నాడు మెల్లగా. ఆ గొంతులో ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ వినని మెప్పు ఉంది.

"ఏం లేదన్నరు గద."

"వాళ్లకు లేదన్నరు. డాక్టర్ నవ్వింది, నేను చూసిన. నాకు చెప్పు వినోదా. లోపల ఉందా, లేదా?"

వినోద చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఆవిరిలోంచి ఆయన మొహం దూరంగా, దగ్గరగా అయింది. ఏది చెప్పినా నమ్మడానికి, ఏది ఇచ్చినా మొహం చిట్లించకుండా తాగడానికి సిద్ధంగా ఉన్న మొహం. లేదంటే అబద్ధం. ఉన్నదంతా చెబితే, ఆయన ఈ రోడ్డుమీద ఒంటరివాడైపోతాడు. ఈ రెంటికీ మధ్య, మేజిస్ట్రేట్ రాయించి ఇచ్చినంత చోటు ఆమెకు ఉంది.

"ఉంది," అంది వినోద. "కానీ అది నాది. నన్ను అడగొద్దు."

రమాకాంత్ కళ్లు పెద్దవయ్యాయి. వాహనాలు పోతున్నాయి. నల్లకోట్లు వేసుకున్న ఇద్దరు పక్కనే నిలబడి ఎవరి గురించో నవ్వుకుంటున్నారు.

"అడగ," అన్నాడు చివరికి. తర్వాత కొంచెంసేపటికి, "నీకు చెప్పబుద్ధయిన్నాడు చెప్పు. చెప్పబుద్ధి గాకుంటే చెప్పకు."

ఆ మాట ఆయన బంగారం గురించే అన్నాడు. అయినా వినోద మిగిలిన చాయ్ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టింది.

ఆటో మాట్లాడాడు. పెట్టెలు వెనక పెట్టించి, ఆమె మోచేయి పట్టుకుని, మెట్టు చూపించి ఎక్కించాడు. ఇద్దరు పిల్లల్ని మోసిన రోజుల్లో ఆమె నర్సంపేట బస్సు కమ్మీ పట్టుకుని నిలబడే పోయింది. అప్పుడు ఎవరూ ఇలా పట్టుకోలేదు. ఆయన దుకాణంలో ఉండేవాడు. హనుమకొండ చౌరస్తా దాటాక తవ్వి పూడ్చిన రోడ్డు వచ్చింది. రమాకాంత్ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు.

"జర మెల్లగ పోనియ్యి తమ్మీ. సామానుంది."

స్టీలుతో పాటు దుకాణానికి గాజు సామాను వచ్చినప్పుడు ఆయన ఆటోవాళ్లకు చెప్పే మాటే అది. డ్రైవరు అద్దంలోంచి పెట్టెల వైపు చూసి, వేగం తగ్గించాడు. పోచమ్మ మైదాన్ వైపు నుంచి ఏదో ఊరేగింపు డప్పు దూరంగా వినిపిస్తోంది. ఎండ ఇసుక రంగులో ఉంది. వినోద వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఒక చేయి వచ్చి ఆమె భుజాన్ని ఆనిస్తోంది. ఇల్లు ఇంకా దూరంగానే ఉంటే బాగుండుననిపించింది.